చీనీ తోటలో వ్యోమగామి

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో పిల్లి తుమ్మితే, వీధిలోకొచ్చి పులి గాండ్రించిందని చెప్పే రకం. కాబట్టి ఇందులో ప్రతి ముక్కలోంచీ ఓ పావువంతు తరిగేసుకుని చదవండి. ఒక్క ముక్క మాత్రం పూర్తిగా నా కల్పన. అదేదో చివర్లో నేనే చెబుతాను.

ఆ రోజుల్లో మా శింగనమల చుట్టుపక్కల ఆకాశం చూడని మనిషి లేడు. అందరూ మబ్బు కోసం చూస్తే, మబ్బు లేకపోతే సంతోషించే ద్రోహిని నేనొక్కణ్ణే. బెంగళూరులో గెలాక్సీల మీద పరిశోధన చేసేవాణ్ణి మరి. (నా గెలాక్సీ ఎంత దూరమంటే, దాని వెలుగు బయల్దేరినప్పుడు మా అనంతపురంలో కూడా వానలు పడేవట.) సెలవుకొచ్చినప్పుడల్లా మా చిన్నాయన, "ఏమప్పా, అంత పెద్ద దుర్భిణీలో చూస్తాండావు, మబ్బు యాడన్నా కనపడిందా?" అని అడిగేవాడు. నేను చూసేది మబ్బులకు చాలా అవతల అంటే, "ఇవతలిది ఇడిసిపెట్టి అవతలిది చూసేదానికి జీతం గూడా ఇస్తారా" అని చిన్నమ్మ నోరు వెళ్లబెట్టేది.

అలాంటి నేను, అంతరిక్షంలోకి పంపడానికి శాస్త్రజ్ఞులను ఎంపిక చేస్తున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. మొదటి వడపోతలో నిలిచాను కూడా. అన్నాళ్లూ దూరం నుంచి చూసినవాణ్ణి, ఓ రెండడుగులు దగ్గరికెళ్లి చూద్దామని ఆశ. ఇక మిగిలింది వైద్య పరీక్ష. కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పి, దించి, కళ్లు మూసుకుని తిన్నగా నడవమంటారట. ఆ సాధన కోసం చిన్నాయన చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, వెళ్లాను.

తోట అప్పటికే ఎండుతోంది. ఉన్న బోర్లన్నీ ఒట్టిపోయాయి. చీనీ చెట్లు ఆకు ముడుచుకుని, కాయల్ని నిమ్మకాయంత ఉండగానే రాల్చేస్తున్నాయి. ఇంకొక్క బోరు వేసి, అదీ పోతే చెట్లు కొట్టించేస్తానని చిన్నాయన తేల్చి చెప్పేశాడు. ఆ ఒక్కటీ ఎక్కడ వేయాలో తేలక పొద్దస్తమానం తోటలో తిరుగుతున్నాడు.

నేను అక్కడి చింతచెట్టుకు పాత ట్రాక్టరు టైరు వేలాడదీసి అందులో కూర్చున్నాను. చిన్నమ్మ తాడు మెలితిప్పి వదిలేది. భూగోళానికి ఏడాది పట్టే చుట్లన్నీ చిన్నమ్మ చేతిలో నేను ఒక్క పూటలో తిరిగేశాను. దిగి, కళ్లు మూసుకుని, చేతులు ముందుకు చాచి, అడుగులో అడుగు వేసేవాణ్ణి. మా వైపు అలా నడిచేది బోరు పాయింటు చూసేవాళ్లే. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా తిరుగుతారు. కింద నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుందని నమ్మకం.

ఓ రోజు అలా నడుస్తుంటే అరచేతిలో ఏదో బరువుగా పడింది.

"ఏంది చిన్నాయనా ఇది?"

"టెంకాయ. ఎట్లాగూ నడుస్తానే ఉండావు గదా, ఊరికే ఎందుకు నడిచేది."

"నేను పోయేది పైకి చిన్నాయనా."

"పైకి పోయినోడు మళ్లా ఈడికే గదప్పా దిగేది. కింద ఏముండాదో తెలుసుకుని పో."

టెంకాయ పట్టుకుని నడిచాను. కాసేపటికి నేల కుడి నుంచి ఎడమకు ఒరిగింది. నేనూ, టెంకాయా దాని వెంట ఒరిగాం. టైరెక్కి తిరిగి, మళ్లీ నడిస్తే మళ్లీ అక్కడే పడ్డాను. ఎన్నిసార్లు నడిచినా అక్కడే. చిన్నాయన అక్కడ రాయి పాతి, పసుపు పూసి, బోరు లారీకి ఫోన్ చేశాడు.

"చిన్నాయనా, నేను తల తిరిగి పడినాను."

"పాయింటు చూసేటోళ్లకూ తల తిరుగుతాదిలే. వాళ్లు చెప్పరు, నువ్వు చెప్పినావు, అంతే."

మర్నాడు లారీ వచ్చింది. తెల్లటి దుమ్ము లేచి శింగనమల చెరువు దాకా కమ్మేసింది. మీసాలతో సహా తెల్లబడిపోయిన చిన్నాయన గొట్టం పక్కనుంచి కదల్లేదు. పొద్దు వాలే వేళకు దుమ్ము తడిసింది. ఆ వెంటనే ధార లేచింది. చింతచెట్టు చిటారుకొమ్మ దాటింది. దారిన పోయే కొంగ ఒకటి గాల్లోనే స్నానం చేసి తన దారిన తాను పోయింది.

తర్వాత బెంగళూరులో వైద్య పరీక్ష కుర్చీ దిగి, కళ్లు మూసుకుని, నేరుగా ఎడమ పక్కనున్న డాక్టరమ్మ బల్ల మీద పడ్డాను. ఎడమ చెవి లోపల ఏదో తేడా ఉందనీ, తల తిరిగితే నేనెప్పుడూ అటే ఒరుగుతాననీ తేల్చి, జాబితాలోంచి నా పేరు కొట్టేశారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగిందామె.

"అయిందండీ. అక్కడ బోరు వేశారు."

ఆమె కాగితం మీద ఏదో రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

ఇప్పుడు మాట ప్రకారం చెప్పాలి. గెలాక్సీలు నిజం. టైరు నిజం. చెవి నిజం. అంతరిక్షం సంగతే అబద్ధమని మీరీపాటికి తీర్పు చెప్పేసి ఉంటారు, కానీ ఆ దరఖాస్తూ నిజమే. నేను కల్పించింది నీళ్లు. ఆ రోజు పొద్దుగూకేదాకా పైకొచ్చింది దుమ్మొక్కటే. లారీ వెళ్లిపోయాక, తలెత్తలేక నిలబడ్డ నా వీపు దులుపుతూ చిన్నాయన, "నీ తప్పేముండాదప్పా, నువ్వు చదివింది పైవైపు గదా" అన్నాడు. చెట్లు కొట్టించేశాడు. వానొస్తే ఇప్పుడక్కడ కంది వేస్తాడు.

ఇంటికి చుట్టాలొస్తే ఆయనే నన్ను కూర్చోబెట్టి, "ఆ బోరు కత చెప్పప్పా" అంటాడు. చెబుతాను. ధార చింతచెట్టు కొమ్మ దాటిన చోట ఆగితే, "ఇంగా పైకి పోయింది గదప్పా" అని గుర్తు చేస్తాడు. నేను నేల దాటి పోలేకపోయాను గానీ, మా చిన్నాయన నీళ్లు మాత్రం ఏటేటా ఇంకాస్త పైకి పోతున్నాయి.