పట్టా మీద రెండు దెబ్బలు

లిఫ్టులు బాగుచేసి బతికే మనిషికి 'మెట్లాయన' అని పేరు పడింది. పెట్టింది తోటి మెకానిక్కులే. ఆగిపోయిన లిఫ్టును చూడటానికి మెట్లెక్కి వెళ్ళడం అందరూ చేసేదే, అందులో వింత లేదు. ఇతని తీరు వేరు. పైన మిషను గదిలో పని సగంలో ఉండగా, పానా కింద పెట్టి, అన్ని అంతస్తులూ దిగి వస్తాడు. అడుగున గోతిలో పనిచేస్తున్న తోటివాడి మొహం కళ్ళారా చూస్తాడు. "బయటికొచ్చావా?" అని అడుగుతాడు, ఎదురుగా నిలబడ్డ మనిషిని.

"లేదన్నా, లోపలే ఉన్నా. నీకు కనిపిస్తున్నది నా దయ్యం" అంటాడు వాడు.

మెట్లాయన నవ్వడు. వచ్చిన దారినే ఎక్కిపోతాడు.

"ఏమయ్యా, లిఫ్టు డాక్టరువి నువ్వే మెట్లెక్కుతుంటే మా మోకాళ్ళ గతేం కాను?" అని మూడో అంతస్తు మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని మరీ అడిగేవాడు.

"మీ మోకాళ్ళు నా చేతిలో లేవు మాస్టారూ" అనేవాడు ఇతను, ఆగకుండా.

పాత లిఫ్టుల పనిలో ఒక పద్ధతుంది. కరెంటు తీసేసి ఒకడు అడుగున గోతిలోకి దిగుతాడు, ఇంకొకడు మిద్దె మీద మిషను గదిలో బ్రేకు దగ్గర ఉంటాడు. ఆ బావిలాంటి సందులో అరిస్తే మాట ముక్కలైపోతుంది, ఫోను పలకదు. అందుకని కిందివాడు పని ముగించుకుని గోతిలోంచి బయటికొచ్చాక, లిఫ్టు జారే ఇనప పట్టా మీద పానాతో రెండు దెబ్బలు కొడతాడు. ఇనుము ఆ చప్పుడును అలాగే పైకి మోసుకుపోతుంది. ఒక దెబ్బంటే ఆగు. రెండంటే, నేను బయటున్నాను, బ్రేకు వదులు. కంపెనీ పుస్తకాల్లో ఇది ఎక్కడా లేదు. అయినా పాతవాళ్ళంతా దాన్నే నమ్ముకుని వెంట్రుకలు నెరిసేదాకా పనిచేశారు.

మెట్లాయనకు ఆ పని నేర్పింది అతని బావే, అక్క మొగుడు. బావ ఎప్పుడూ కింద, ఇతనెప్పుడూ పైన. "పైవాడు చూసుకుంటాడులే" అనుకుంటూ గోతిలోకి దిగేవాడు బావ. "పైనున్నది నేనే బావా, మొక్కేదేదో నాకే మొక్కు" అని ఇతను మెట్ల మీంచి ఎగతాళి చేసేవాడు. దేవుణ్ణి కాదనడానికి కావలసినంత ఆలోచన కూడా అతనెప్పుడూ చెయ్యలేదు. తీరిక లేదు, అంతే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అతను మిషను గదిలో బ్రేకు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆకలేస్తోంది. పట్టా మీద రెండు దెబ్బలు వినిపించాయి. పిడి నొక్కాడు. ఖాళీ లిఫ్టు మెల్లగా పైకి కదిలింది. తాడుకు రెండో కొసన వేలాడే ఇనప దిమ్మల చట్రం అంతే మెల్లగా, చప్పుడు లేకుండా కిందికి దిగింది. చక్రం తిరగాల్సినంత తిరగకుండానే ఆగింది.

బావ గోతిలోంచి బయటికి రాలేదు. అతని పానా గోతిలో లేదు, చేతిలోనూ లేదు. బయట గడప మీద, తుడిచి పెట్టినట్టుగా ఉంది. లోపలున్న మనిషి దాన్ని అందుకోలేడు.

విచారణకొచ్చిన ఇంజనీరు మంచివాడే. "విన్నావా?" అని అడిగాడు. "విన్నాను." "ఎన్ని?" "రెండు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎండకు సాగిన ఇనుము నీడ పడగానే ముడుచుకుంటుంది, అప్పుడప్పుడూ టకటకమంటుంది, అదే అయ్యుండొచ్చు అన్నాడు. అయ్యుండొచ్చు అన్న మాట మీదే వ్యవహారం ముగిసింది.

అక్క ఆ మాట ఒప్పుకోలేదు. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ మిషను మీంచి తలెత్తకుండా ఒకటే చెప్పింది. "నా తమ్ముడు విన్నానంటే విన్నాడు. ఆయన కొట్టలేదు. మరి కొట్టినవాడు ఇంకొకడున్నాడు. ఆయన వేళయింది, పిలిచాడు." చెప్పి, దారం కొరికి తెంపేది.

అప్పటినుంచి తమ్ముడికి రాత్రి భోజనం అక్క ఇంట్లోనే. అతను పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే "నా వంట నాకు సహించదు, ఇంకొకరికెందుకా శిక్ష" అని తప్పించుకునేవాడు.

దేవుడున్నాడా లేడా అని జనం టీ కొట్టు దగ్గర వాదించుకుంటుంటే అతను గ్లాసు పట్టుకుని పక్కకు జరిగేవాడు. అతనికి కావలసింది అంత పెద్ద ప్రశ్న కాదు. ఆ వేళ పట్టా మీద కొట్టిందెవరు? ఎవరూ కొట్టకపోతే బావను చంపింది తన చెయ్యి. ఎవరో కొడితే, ఆకలితో ఉన్నవాడి చెవి దగ్గర అలా కొట్టగలిగిన వాడు ఎలాంటివాడు? వాడు మళ్ళీ ఎప్పుడు కొడతాడు? స్నానాల గదిలో గొట్టం టక్కుమన్నా అతని చెయ్యి గాల్లో ఆగిపోయేది. లేడని అనలేకపోయాడు. లేడంటే తనొక్కడే మిగులుతాడు. అందుకని నమ్మాడు, వీధి మలుపులో కరిచే కుక్క ఉందని నమ్మినట్టు.

మేనకోడలు పెరిగి, లిఫ్టు పనే నేర్చుకుని, అదే కంపెనీలో చేరింది. తల్లి వద్దనలేదు, సరేననలేదు. సూపర్‌వైజరు ఆ పిల్లను మామయ్యకే జతచేశాడు. కింద ఆమె, పైన ఇతను. ఇక మెట్లు దిగడం రెట్టింపైంది.

"నేను కొట్టింది వినపడలేదా మామయ్యా?"

"వినపడింది."

"మరి దిగొచ్చావేం?"

"కొట్టింది నువ్వో కాదో చూడాలిగా."

"ఇక్కడ నేను కాక ఇంకెవరున్నారు? నువ్వు దిగి నా మొహం చూసి మళ్ళీ ఎక్కేలోపు, లిఫ్టు కోసం నిలబడ్డ ఆవిడ కూతురికి పెళ్ళీడొచ్చింది!"

సూపర్‌వైజరుకు ఇంత హాస్యం లేదు. ఇలాగైతే మెట్లాయనను సామాన్ల గదికి మార్చేస్తానన్నాడు. ఆ వారంలోనే ఇంకో కబురు తెలిసింది. బావ పోయిన ఆ భవనంలో పాత లిఫ్టు పీకేసి కొత్తది పెడుతున్నారు. పట్టాలు కూడా తుక్కు కిందికే.

మేనకోడలు ఆ మాట పట్టుకుని వచ్చింది. "పట్టాలు పోయేలోపు ఒక్కసారి విందాం మామయ్యా. గోతిలో ఎవరూ దిగొద్దు. అదే ఎండ, అదే వేళ. నువ్వు పైన, నేను కింద. నేను చెయ్యి కూడా తగలనివ్వను. ఇనుము దానంతటది టకటకమందంటే తేలిపోతుంది కదా. నీ తప్పూ లేదు, అమ్మ చెప్పే పిలుపూ లేదు."

"మోగకపోతే?"

ఆ పిల్ల దానికి జవాబు ఆలోచించుకుని రాలేదు. "మోగుతుంది" అంది.

కరెంటు తీసేశారు. అతను మిషను గదిలో అప్పుడు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. గ్రీజు వాసన మారలేదు. కిటికీలోంచి పడ్డ ఎండ గోడ మీద మెల్లగా పైకి పాకుతోంది. కింద ఎవరింట్లోనో నీళ్ళు పడుతున్నాయి, ఎవరో పిల్లాణ్ణి తిడుతున్నారు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చెవిలోంచి తీసి పక్కన పెట్టాడు. మిగిలింది పట్టా. దానికి చెవి ఆనించాడు. వేడిగా ఉంది, తర్వాత గోరువెచ్చన, తర్వాత అదీ లేదు. ఎండ కిటికీ దాటి వెళ్ళిపోయింది. ఇనుము ఒక్క మాట మాట్లాడలేదు.

దిగుతున్నంతసేపూ, మోగలేదని ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాడు. కింద ఆ పిల్ల మోకాళ్ళ మీద ఉంది. చెంప మీద తుప్పు మరక, చెవి ఎర్రగా కందిపోయింది. తండ్రిలాగే, జవాబుకు ముందే నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహం.

"విన్నావా మామయ్యా?"

లేదనడానికి నోరు తెరిచాడు. "విన్నాను" అని వచ్చింది.

"రెండా?"

"రెండే."

"నేనూ విన్నాను! వెంటవెంటనే, రెండు!" లేచి అతని భుజం మీద గట్టిగా చరిచింది. ఏడుస్తోంది కూడా. "ఇనుమే మామయ్యా. ఉత్త ఇనుము!"

అతను పట్టా వైపు చూశాడు. తనకు వినపడనిది ఆ పిల్లకెలా వినపడింది? అడుగుదామంటే ముందు తన అబద్ధం బయటపెట్టుకోవాలి. సంచీ సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క వడ్డించబోతుంటే కూతురు కంచం ముందు కూర్చోకుండానే చెప్పేసింది. ఎండ సంగతి, పట్టా సంగతి, ఇద్దరూ విన్న సంగతి. "అంటే ఎవరూ కొట్టలేదమ్మా. దేవుడూ లేడు, మామయ్య తప్పూ లేదు. ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు."

అక్క గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"మరి నేను ఇన్నేళ్ళూ తిట్టింది ఎవర్నే?"

కూతురు నవ్వింది. "ఇనుముని తిట్టావు. దానికి తుప్పు పట్టిందందుకే."

తల్లి నవ్వలేదు. "రోజూ అంట్లు తోముతూ అడుగుతాను. ఎందుకు పిలిచావు, ఏం పని పడింది, ఆ ఒక్కడే దొరికాడా నీకు అని. చెప్పుకోలేనివి కూడా అన్నాను. కాలర్ పట్టుకుని అడగడానికి ఒకడుండాలిగా? వాడు మంచివాడని నేనెప్పుడైనా అన్నానా? ఉన్నాడన్నాను, అంతే." గోడకు చేరగిలబడి కూర్చుంది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పడ్డాయి. కుట్టుపని మనిషి చేతులు ఖాళీగా ఉండటం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు. "ఇనుమంట. ఇంక నేను నోరు మూసుకోవాలి కాబోలు."

అక్క ముఖంలోకి అతను చూడలేకపోయాడు. ఆమె దగ్గరున్న ఒకే ఒక్కణ్ణి తన అబద్ధం గెంటేసింది. ఆ సంగతి ఆ గదిలో తనొక్కడికే తెలుసు.

"అక్కా, ఇవాళ నాకేం వినపడలేదు."

"విన్నానన్నావు!" మేనకోడలు గొంతు లేచింది.

"అన్నాను. పట్టా మోగలేదు."

"మరి నేను విన్నానే..." అని కంచం ముందు కూర్చుంది. దాని అంచును గోటితో గీరింది. "నువ్వు విన్నానన్నాకే నాకు విన్నట్టనిపించింది మామయ్యా. అంతకుముందు విన్నానో లేదో... ఇప్పుడు చెప్పలేను."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఊరంతా అడిగింది గానీ ఆమె అడగలేదు. ఇప్పుడడిగింది. "మరి ఆ రోజు? ఒరేయ్, నిజం చెప్పు. ఆ రోజు విన్నావా?"

చెబితే ఈ ఇంట్లో ఇదే తన ఆఖరి భోజనమని అతనికి తెలుసు. గెంటేస్తే గెంటెయ్యనీ, అదే నయమనిపించింది.

"తెలీదక్కా. విన్నాను విన్నాను అని అందరికీ చెప్పీ చెప్పీ, ఇప్పుడు వెతికితే చెప్పిందే దొరుకుతోంది, చప్పుడు దొరకట్లేదు. ఆకలిగా ఉంది. తొందరగా పోదామనుంది. అంతే గుర్తుంది."

పొయ్యి మీద ఏదో అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"వినలేదనలేదుగా" అంది అక్క.

"అనలేదు."

"తెలీదన్నావు."

"ఊఁ."

ఆమె నేల మీద చెయ్యి ఆనించి లేచింది. పొయ్యి ఆపింది. "తెలీదంటే ఉండొచ్చన్నమాటేగా. నాకంత చాలు. చెయ్యి కడుక్కో, చల్లారిపోతుంది." అతని కంచంలో ఎప్పుడూ పెట్టేంతే పెట్టింది, ఎక్కువా కాదు తక్కువా కాదు. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. అడగవలసినవాడు ఆమెకు దొరికాక, తమ్ముడితో పని లేకపోయింది.

అడుగంటిన గిన్నె పట్టుకుని ఆమె వెనక వసారాలోకి వెళ్ళింది. కాసేపటికి పీచు రాపిడితోపాటు మాట కూడా మొదలైంది. "సరే, వీడు తెలీదంటున్నాడు. నువ్వు చెప్పు. కొట్టావా లేదా?" ఆగింది. నీళ్ళు పోసింది. "మరయితే ఆయన లోపలున్నాడని కనపడలేదా నీకు?" మళ్ళీ ఆగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు లేదు. అవతలివాడు చెప్పేది పూర్తికానిచ్చే మనిషిలా ఆగుతోంది.

అతను ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. అక్క ఆగినప్పుడల్లా మెడ వసారా వైపు సాచుతున్నాడు.

"మామయ్యా, తినవేం?" అంది మేనకోడలు.

ఎంగిలి చెయ్యి పైకెత్తి, మాట్లాడొద్దని సైగ చేశాడు.