మట్టిముద్దలో నెమలి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, జైనూరు నుంచి మంచిర్యాల వెళ్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో కొబ్బరికాయంత మట్టిముద్ద ఉంది. మట్టిబుర్రలతో నాకు పాత పరిచయమే, రోజూ అద్దంలో చూస్తాను. ఆ చనువుతోనే, "లోపల ఏముందమ్మా?" అన్నాను.

"నెమలి, సారూ. మైనంల గుగ్గిలం కలిపి మా ఇంటాయన చేసిండు. నేను పైన మట్టి మెత్తిన. దీన్ని కాలిస్తె మైనం కారిపోతది, గా జాగల ఇత్తడి పోస్తరు."

"ఆయన రాలేదా?"

"పోయిన నెల జరమొచ్చి సచ్చిపోయిండు. ఆయన చేతిది గిదొక్కటే మిగిలింది. మా అన్నతోని పోయిస్తనని తీస్కపోతున్న."

బస్సు గుంతలో పడి ఎగిరింది. ముద్ద మీద సన్నటి పగులు కనిపించింది. ఆమె వేలు ఉమ్మితో తడిపి, పగులు మీద మెల్లగా రుద్దింది.

"నెమలికి ఏమీ కాదు కదా?"

"పగులు జరంత ఉంటె ఇత్తడి మీద గీత లేస్తది, గంతే. పెద్దగైతె ఇత్తడంత కారిపోతది. పోసి, మట్టి పగలగొడితెనే తెలుస్తది."

నేనూ ముద్ద కింద చేతులు పెట్టాను. ఆమె వద్దనలేదు. నేను దిగాల్సిన ఊరు వచ్చింది, దాటిపోయింది.

ఇప్పటికీ ఎవరింట్లో ఇత్తడి నెమలి కనిపించినా, దాని ఒంటి మీద గీత కోసం వేలితో తడుముతాను.