మూయని సందు

ఆదివారం మాంసం కాల్చుకోవడానికి మా ఆయన చేత్తో మోసుకెళ్లేంత బొగ్గుల పొయ్యి ఒకటి కొనుక్కొచ్చారు. డబ్బా మీద హెచ్చరిక ఉంది: మూసిన గదిలో వాడరాదు, పొగ కనిపించకపోయినా ప్రాణాపాయం.

ఉప్పునుంతలలో మా అమ్మమ్మకూ అలాంటిదే ఇనుప కుంపటి ఉండేది. చిన్నమ్మ బాలింతగా ఉన్నప్పుడు ముసురు పట్టింది. అమ్మమ్మ వసారాలో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే తెచ్చి ఆమె మంచం కింద పెట్టింది.

“బాలింతకు సలిగాలి తగలొద్దు బిడ్డా. జర ఆ సందులన్ని మూయి,” అంది నాతో.

నాకు ఏడేళ్లు. పాత చీర పేలికలు కిటికీ సందుల్లో కుక్కాను. తలుపు కింద సందుకు గుడ్డ చాలలేదు. ఆ మాట చెప్పకుండా ఆటకు పోయాను.

మధ్యాహ్నం తలుపు తీస్తే చిన్నమ్మ వాంతులు చేసుకుంటోంది. పక్కన పది రోజుల పాప లేవలేదు.

“సలిగాలి కొట్టింది. ఏడికెల్లి వచ్చిందో తెల్వదు,” అని అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు తెలుసనుకున్నాను.

ఆ ఒక్క సందు మూయనందుకే పాప పోయిందని ముప్పై ఏళ్లు ఏడ్చాను. ఈ డబ్బా మీది మాట నిజమైతే, చిన్నమ్మ బతికింది ఆ సందు వల్లేనేమో. మిగతా సందులన్నీ గట్టిగా మూసింది నేనే.