చాచా విన్న సినిమా

పోయిన శుక్రవారం జనగామలో మా పక్కింటి చాచా చనిపోయాడు. స్కూటర్ మెకానిక్. షుగర్ జబ్బు ముందు ఆయన చూపును, తర్వాత మనిషినే తీసుకుపోయింది. నేను భూపాలపల్లి నుంచి బస్సు పట్టుకుని వెళ్లేసరికి మట్టి చేయడం అయిపోయింది. దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఒక సినిమా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చాచాకు గూఢచారి సినిమాలంటే ప్రాణం. అదీ కోట్లు పోసి తీసినవే కావాలి. హెలికాప్టర్లు పేలాలి, కార్లు సముద్రంలో పడాలి, హీరో ఒక దేశంలో దూకి ఇంకో దేశంలో లేవాలి. "అంతా అబద్ధం చాచా" అని నేను ఏడిపిస్తే, "నాకు తెల్వదా బేటా? నిజం పొద్దుందాక షెడ్డుల చూస్తనే ఉన్న గద. పైసలు పెట్టి గూడ అదే చూడాల్నా?" అనేవాడు. కొత్త సినిమా వచ్చిన రోజు పెందలాడే షెడ్డు మూసి, గ్రీజు పోయేదాకా చేతులు రుద్దుకుని, అత్తరు రాసుకుని బయల్దేరేవాడు.

ఉద్యమం రోజుల్లో అలాంటి భారీ సినిమా ఒకటి జనగామకు వచ్చింది. ఆంధ్రా సినిమాలు ఆడనివ్వొద్దని మా కాలేజీ పిల్లలం టాకీసు గేటుకు అడ్డంగా కూర్చున్నాం. టికెట్ల వరసలో అందరికంటే ముందు చాచా ఉన్నాడు. నన్ను చూసి కూడా తిట్టలేదు. "మీ కొట్లాట పెద్దది బేటా. సినిమాదేముంది, రాష్ట్రం వచ్చినంక చూస్త" అని వెనక్కి తిరిగాడు. ఆ కొట్లాట తప్పని నేను ఇవాళ్టికీ అనుకోను. కానీ ఆ అత్తరు వాసన మాత్రం నన్ను వదల్లేదు.

రాష్ట్రం వచ్చింది. అప్పటికి చాచా చూపు పోయింది.

ఒక ఆదివారం అదే సినిమా టీవీలో వేస్తే, ఆయన పక్కన కూర్చుని తెర మీద జరిగేదంతా చెబుతూ పోయాను. మధ్యలో ఎవడో అచ్చం మన యాసలో మాట్లాడాడు. చాచా ముఖం విప్పారింది.

"గీడెవడు బేటా? మనోడి లెక్కనే ఉన్నడు."

వాడు విలన్ దగ్గరి రౌడీ. జనం నవ్వుకోవడానికి పెట్టినవాడు. హీరో వాణ్ని చితకబాదుతున్నాడు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"హీరో దోస్తు చాచా. ఇద్దరు కల్సి కొట్లాడుతున్నరు."

"శభాష్. బతుకుతడా?"

"బతుకుతడు."

ఆ తర్వాత కొడుకు నడిపే షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, అంత పెద్ద సినిమాలో మనోడు హీరో పక్కన నిలబడి కొట్లాడాడని. సినిమా చూసినవాళ్లు నా వంక చూసేవారు. ఒక్కరూ కాదనలేదు. నేను తల దించుకునేవాణ్ని.

బండి చప్పుడు విని దాని రోగం చెప్పే మనిషి ఆయన. దెబ్బలు ఎవరు కొడుతున్నారో, ఎవరు తింటున్నారో ఆ చెవులకు తెలియకుండా ఉంటుందా? ఆయన అడగలేదు. నేను ఇక అడగలేను. కళ్లు మూస్తే చాలు, చాచా కనిపిస్తాడు. టీవీ వైపు ముఖం పెట్టి, అక్కడ మనోడు మూలుగుతుంటే, "లెవ్వు బేటా, లెవ్వు" అని మెల్లగా అంటూ.