ఒంట్లో కిరాయిదార్లు

మొన్న మధ్యాహ్నం వార్డులో మతి తప్పి కొత్తగా చేరిన ముసలమ్మకు దుప్పటి సర్దబోయి వంగాను. ఘాటైన మూత్రపు వాసన గుప్పుమంది. పక్కనున్న కోడలు సిగ్గుతో చితికిపోయి "ఏమనుకోకుండ్రి సిస్టర్" అంటుంటే, నాకేమో ప్రాణం లేచి వచ్చింది. ముక్కు మూసుకోవాల్సిన చోట మొహం వెలిగిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. ఆ వాసనను నాకు పరిచయం చేసిన మనిషి సులోచనక్క.

2009లో ఎల్లారెడ్డి నుంచి వెళ్ళి కామారెడ్డిలో ఒక చిన్న నర్సింగ్‌హోంలో కొలువుకు కుదిరాను. అక్కడ హెడ్ సిస్టర్ ఆమె. కర్ణాటక సరిహద్దున జుక్కల్ వైపు మనిషి. కోపం వస్తే కన్నడంలో తిట్టేది కాబట్టి సగం తిట్లు మాకు అర్థమయ్యేవి కావు, అదొక అదృష్టం. దుప్పటి మడత ఒక్కటి తప్పినా ఊరుకునేది కాదు. మొదట్లో ఆమె చెప్పుల చప్పుడు వింటేనే భయపడేదాన్ని. పోను పోను నేనూ ఆమెలాగే నడవడం మొదలుపెట్టాను.

ఒకరోజు లింగంపేట నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. వారం కిందటి దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి మాట మారిపోయిందట. మంచం మీద కూర్చుని గాల్లో బీడీలు చుడుతోంది. లేని ఆకు తిప్పి, లేని తంబాకు పోసి, లేని దారం కడుతోంది. ఒక్క వేలు తడబడటం లేదు. నడుమ నడుమ మంచం కాళ్ళ వైపు చూసి "జరుగుండ్రి, ఊపిరాడ్తలేదు" అని ఎవరినో కసురుతోంది. అక్కడ ఎవరూ లేరు. అయినా నేను రెండడుగులు పక్కకు జరిగాను.

"గాలి సోకింది సిస్టరమ్మా. మంత్రం ఏపిస్తం, తీస్కపోతం" అన్నాడు కొడుకు.

సులోచనక్క అవ్వ మీదికి వంగి వాసన చూసింది. "ఇయ్యాల ఉండనీ బిడ్డా. ముందుగాల మూత్రం పరీక్ష చేపిద్దం. ముసలోళ్లకు అండ్ల పురుగు పడితే గిట్లనే మతి తప్పుతది" అంది.

డాక్టరుగారూ అదే అన్నారు. పరీక్షలో ఆ కంటికి కనబడని పురుగు దొరికింది, మందు మొదలైంది. కొన్నాళ్ళకు అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని చాయ్ అడిగింది. తాగాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా "గిన్నొద్దులు నా నోట్ల మాట్లాడింది ఎవలు బిడ్డా?" అంది.

ఈ మాట చెబితే సులోచనక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఒళ్లు మనదే అనుకుంటం. గని అండ్ల మనమొక్కలమే ఉంటమా? పేగుల్ల, నోట్ల, తోలు మీద, అన్ని తావుల కిరాయిదార్లే. మంచోళ్లున్నరు, చెడ్డోళ్లున్నరు. ఒక్కోపారి వాండ్లే తలుపు తీసి మాట్లాడుతరు. ఎవలన్న పెద్దోళ్లు మతి తప్పితే, పిచ్చి అనేటందుకు ముందు లోపట ఎవలున్నరో చూడు. ఒక్క వాసననే నమ్మకు, పరీక్ష చేపియ్యి."

ఆ పూట అన్నం తింటూ నా కడుపు వైపే అనుమానంగా చూసుకున్నాను.

తర్వాత నేను ఎల్లారెడ్డిలో ఒక ఆసుపత్రికి మారాను. 2014లో సులోచనక్క కొలువు మానేసి అదే ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటోందని తెలిసింది. వెళ్ళి చూద్దామనుకునేలోపు ఆ తమ్ముడే వచ్చాడు.

"అక్క ఖాళీ మంచంతోని మాట్లాడుతుంది సిస్టర్. జర వచ్చి సూడుండ్రి."

వెళ్ళేసరికి ఆమె ఖాళీ మంచం పక్కన కూర్చుని, పరుపు మీద రెండు వేళ్ళు ఆనించి నాడి చూస్తోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. "మెల్లగ. ఇప్పుడే నిద్రవట్టింది." దుప్పటి మడత ఎక్కడా తప్పలేదు. దాని కింద మనిషి లేకపోవడం తప్ప అంతా సరిగ్గానే ఉంది.

వంగి వాసన చూశాను. సబ్బు వాసన. అయినా ఆశ చావలేదు. ఒక్క వాసననే నమ్మొద్దని ఆమే చెప్పింది కదా! పరీక్షకు పంపించి, ఒక మనిషి ఒంట్లో పురుగు దొరకాలని జీవితంలో మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాను. పురుగుంటే మందుంది. మందుంటే అక్క తిరిగొస్తుంది.

ఏమీ దొరకలేదు. మళ్ళీ పంపినా దొరకలేదు. నిజామాబాద్‌లో తల స్కానింగ్ చూసిన డాక్టరు ఇది ముదిరే మతిమరుపు జబ్బు అన్నారు. పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఈ జబ్బుకూ ఏదో లంకె ఉందేమోనని వెతుకుతున్నారట, ఇంకా తేలలేదట. తేలేదాకా జబ్బు ఆగుతుందా?

ఆ తర్వాత వెళ్ళినప్పుడు, పాత హెడ్ సిస్టర్ గొంతుతో తనే అడిగింది. "పరీక్షల ఏమొచ్చింది?"

అబద్ధమాడితే ఇట్టే పట్టేసే మనిషి. "ఏం లేదక్కా. అంతా సాఫ్."

"లోపట ఎవ్వలు లేరా?"

"లేరక్కా."

ఆమె తన అరచేతులకేసి చాలాసేపు చూసుకుంది.

"అయితే గిది నేనే" అంది.

తర్వాత ఖాళీ మంచం వైపు తిరిగి దుప్పటి సర్దింది. నేను వాకిట్లోకొచ్చి, తమ్ముడు చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చేశాను.

ఇప్పటికీ మతి తప్పిన పెద్దవాళ్ళెవరు వచ్చినా వంగి వాసన చూస్తాను, పరీక్షకు పంపిస్తాను, జవాబు వచ్చేదాకా ఆ పాత మొక్కే మొక్కుకుంటాను. మొన్నటి ముసలమ్మకు పురుగు దొరికింది, మందు పడుతోంది. నిన్న కోడలిని పేరు పెట్టి పిలిచిందట. ఇంకా అప్పుడప్పుడు గోడ వైపు చూసి ఎవరినో కసురుతూనే ఉంది. కసరనీ. వాళ్ళు కిరాయిదార్లే, ఖాళీ చేస్తారు.