ఏమీ లేవని రాసిన కొండ

పోయిన నెలలో మా ఆయన తరఫు చుట్టాలింట్లో పెళ్ళికని నూజివీడు నుంచి మైలవరం వెళ్ళవలసి వచ్చింది. తెల్లవారుతూనే బయలుదేరాం. ఊరు దాటేసరికి దారంతా మంచు, రెండు పక్కలా మామిడితోటలు ఆకారం తెలియకుండా నల్లగా ముద్దగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ దారిన వెళ్ళకుండా ఏదో ఒక వంక పెట్టుకుని తప్పించుకు తిరిగినదాన్ని, ఆ రోజు వంక దొరక్క, కారు కిటికీ పక్కన కూర్చుని కుడివైపు చూస్తూ ఉన్నాను. మలుపు తిరగగానే అక్కడ కొండ కనిపించాలి. కనిపించలేదు. మంచు కప్పేసి ఉంటుందిలే అనుకున్నాను. పెళ్ళి చూసి, భోజనాలు చేసి, మధ్యాహ్నం ఎండలో అదే దారిన తిరిగి వస్తూ మళ్ళీ చూశాను. మంచు లేదు, కొండా లేదు. ఆ చోట ఒక ఎర్రటి గొయ్యి, గొయ్యి అడుగున కదలని నీళ్ళు, గట్టు మీద తుప్పు పట్టిన యంత్రం ఒకటి ఉన్నాయి. తవ్వుతున్నారని తెలుసు. సగమైనా మిగిలే ఉంటుందని మాత్రం ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. మా ఆయన నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు.

మాది ముసునూరు పక్కన ఒక చిన్న పల్లె. అమ్మా నాన్నా మామిడితోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. మామిడి సీమలో పుట్టినదానివి, నీకు చెట్లకేం కరువు అని మీరనుకోవచ్చు. చెట్లకు కరువు లేదు గానీ ప్రతి చెట్టుకూ ఒక యజమాని ఉండేవాడు, ప్రతి తోటకూ కంచె ఉండేది, కంచె దగ్గర ఎవరి పిల్లవే నువ్వు అని గద్దించే కాపలా మనిషి ఉండేవాడు. డిసెంబరు చివర పూత మొదలయ్యిందంటే ఇక ఆ చెట్ల ఛాయలకు కూడా పిల్లల్ని రానిచ్చేవారు కాదు. పూత ఎంత బాగుంటుందో మేము రోడ్డు మీద నిలబడి వాసన పట్టి తెలుసుకోవలసిందే.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, మైలవరం వైపు ప్రభుత్వ అడవిలో వాచరుగా చేసేవాడు. పిల్లలు లేని మనిషి. ప్రతి చలికాలం బడికి సెలవులివ్వగానే వచ్చి, రెండు బస్సులు మార్పించి నన్ను వాళ్ళింటికి తీసుకుపోయేవాడు. వాళ్ళ ఇంటి వెనక పొలం, పొలం దాటితే ఆ కొండ, కొండ వెనక అడవి. ఆ కొండ చుట్టూ కంచె లేదు. కార్తీకమాసంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ బళ్ళు కట్టుకుని వచ్చి అక్కడి ఉసిరిచెట్ల కింద వనభోజనాలు చేసేవారు. కట్టెలకు వచ్చేవాళ్ళు, చీపురుగడ్డి కోసుకునేవాళ్ళు, సీతాఫలాలు ఏరుకునేవాళ్ళు, ఊరికే తిరిగిపోదామని వచ్చేవాళ్ళు, ఎవరినీ ఎవరూ ఎందుకొచ్చావని అడిగేవారు కాదు. మా ఇంట్లో అప్పటికి సెంటు భూమి లేదు. ఆ కొండ ఎక్కి నిలబడినప్పుడు మాత్రం నేను లేనిదాన్నని నాకు గుర్తుండేది కాదు.

అత్త పొద్దున్నే లేపి, గోనెసంచి మూల లోపలికి మడిచి నా తల మీద కుచ్చుటోపీలా కప్పేది. మావయ్య ముందు, నేను వెనక. గడ్డి మీద మంచు మోకాళ్ళ దాకా తడిపేసేది, పళ్ళు టకటకా కొట్టుకునేవి, అయినా నోరు తెరవకూడదు. కొండకు అటువైపు, వాగు వంపు తిరిగిన చోట ఒక మడుగు ఉండేది. దానికి ఎగువన ఒక బండ వెనక కూర్చునేవాళ్ళం. ముందు ఏమీ కనపడేది కాదు, తెల్లగా పొగలాంటి మంచు తప్ప. తరవాత ఆ మంచులోంచి ఒక చెవి, ఒక కొమ్ము, ఒక మచ్చల వీపు వచ్చేవి. ఒక్కొక్కటే దుప్పులు నీళ్ళ దగ్గరికి దిగేవి. తల్లి తాగుతుంటే పిల్ల దాని కాళ్ళ మధ్య దూరి నిలబడేది. తాగే చప్పుడు మాకు వినిపించేది, అంత నిశ్శబ్దం. ఎండ పొడ తగిలేసరికి చెట్ల మీద రాత్రంతా తడిసిన నెమళ్ళు ఒక్కొక్కటీ బరువుగా కిందికి దిగి, బండల మీద తోకలు పరుచుకుని ఆరబెట్టుకునేవి. మడుగు మీద చిన్న చిన్న బాతులు, కంటి పక్కన ఆకుపచ్చటి పట్టీ ఉన్నవి, తేలుతూ ఉండేవి. మిగతా కాలాల్లో అవి కనిపించేవి కావు.

ఎక్కణ్ణించి వస్తాయి మావయ్యా అని గుసగుసగా అడిగాను ఒకసారి.

"నాకేం తెలుసే. చలితో వస్తాయి, చలితో పోతాయి. వచ్చినన్నాళ్ళు మనవే అనుకోవడమే."

ఆయనకు చదువు రాదు. జీతం తీసుకునేటప్పుడు సంతకం చేయడం నేనే నేర్పాను, బండ మీద బొగ్గుముక్కతో. కానీ ఏ దుప్పి కుంటుతోందో, నిరుడు వచ్చిన బాతుల కంటే ఈ ఏడు ఎన్ని తగ్గాయో ఆయనకు నోటి లెక్క. ఒక ఏడాది వేటకు వచ్చినవాళ్ళు ఇద్దరు తుపాకీ చూపించి బెదిరిస్తే, ఒట్టి చేతులతో మడుగుకు అడ్డంగా కూర్చుని, వాళ్ళు విసిగి వెళ్ళిపోయేదాకా లేవలేదట. ఈ సంగతి అత్త చెప్పింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

తరవాత నేను ఇంటరు పాసయ్యాను, టైపు నేర్చుకున్నాను, మా ఇళ్ళల్లో మొట్టమొదటిదాన్నిగా ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. ఏ ఊళ్ళో ఏ ఆఫీసో ఇప్పుడెందుకు, ఆ మనుషులెవరూ ఇప్పుడు లేరు. నేను ఉద్యోగంలో చేరిన రోజున మావయ్య హనుమాన్ జంక్షన్ దాకా వచ్చి, నాకొక కొత్త పెన్ను కొనిచ్చి వెళ్ళాడు. పెళ్ళయింది. ఉద్యోగంలో రెండో వేసవి గడుస్తుండగా నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. కంకర కోసం ఒక కొండను లీజుకు అడుగుతున్నారు. సర్వే నంబరు చూస్తే అర్థం కాలేదు గానీ, జతచేసిన పటంలో వాగు వంపు చూసేసరికి అది మా కొండేనని తెలిసిపోయింది. మావయ్య ఇన్నేళ్ళూ అడవి అనుకుని కాపలా కాసిన ఆ కొండ, అడవి హద్దు రాళ్ళకు ఇవతల ఉందట. రికార్డులో అది ఒట్టి పోరంబోకు.

ఆఫీసరుగారు జీపులో వెళ్ళి చూసి వచ్చారు. మే నెల, మిట్టమధ్యాహ్నం. వాగు ఎండిపోయి, గడ్డి మాడిపోయి, కాకి కూడా కనబడని వేళ. ఆయన రాసుకొచ్చిన రిపోర్టులో ఒక వాక్యం ఇలా ఉంది: సదరు భూమిలో చెప్పుకోదగిన వృక్షములు గాని, జంతు పక్షుల సంచారము గాని లేవు. దాన్ని నాలుగు ప్రతులు టైపు చెయ్యాలి.

నేను లేచి సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, నన్ను కూతురిలా చూసేవారు.

"అక్కడ దుప్పులుంటాయండీ. చలికాలంలో పక్షులు కూడా వస్తాయండీ."

"నువ్వు చూశావా అమ్మా?"

"చూశానండీ. చిన్నప్పుడు. మా మావయ్య ఇప్పటికీ చూస్తున్నాడండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత ఒక తెల్లకాగితం నా చేతికిచ్చారు.

"చూసింది చూసినట్టు దీని మీద రాసి సంతకం పెట్టి రేపు పొద్దున ఇయ్యి. ఫైల్లో పెట్టి పైకి పంపిస్తాను. చలికాలంలో ఇంకోసారి చూసి రమ్మంటారేమో, చెప్పలేం. అయితే నీ పేరుంటుంది, అది ఆలోచించుకో."

ఇప్పటికీ నేను మర్చిపోలేనిది ఇదే. దారులన్నీ మూసుకుపోయాయని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. నాకొక దారి చూపించారు. ఆ కాగితం ఇంటికి తీసుకువెళ్ళి, అన్నం వండి, మా ఆయనకు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాశాను. మా ఆయన చదివి, కోపంగా కాదు, భయంగానే అన్నారు.

"ఇంకా నీ ప్రొబేషనే పూర్తి కాలేదు. అంత పెద్ద ఆఫీసరు లేవన్నాక ఉన్నాయని నువ్వు రాస్తే ఊరుకుంటారా? ఉద్యోగం పోతే ఏంటి మన పరిస్థితి?"

ఆయన్ని అనవలసింది ఏమీ లేదు. కాగితం చింపింది ఆయన కాదు. నేను. మర్నాడు పొద్దున సూపరింటెండెంటుగారు నా వైపు చూశారు, నేను తల వంచుకుని మెషిన్‌లో కాగితాలూ కార్బన్లూ దూర్చాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. నా పని శుభ్రంగా ఉంటుందని ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారు.

దీపావళి దాటగానే లారీలు వచ్చాయి. ఆ చలికాలం నేను మావయ్య వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. సంక్రాంతి కూడా దాటాక ఒక మధ్యాహ్నం మావయ్యే మా ఇంటికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటే తువ్వాలంతా ఎర్రదుమ్ము. మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు.

"ఈ ఏడు రాలేదే అమ్మాయ్," అన్నాడు. "బాతులు ఒక్కటి దిగలా. మందు పెట్టి పేలుస్తున్నారు. ఒక దుప్పి బెదిరి రోడ్డు మీదకొచ్చి లారీ కింద పడింది. దాని కడుపులో పిల్ల ఉంది."

నేను చెంబు తీసుకుని మళ్ళీ నీళ్ళు ముంచుకొచ్చాను.

"అక్కడ ఏమీ లేవని ఎవరో రాశారంట. మా రేంజరుగారు చెప్పారు. కళ్ళుండి ఎట్టా రాశాడే వాడు? నువ్వు ఆఫీసుల్లో తిరిగేదానివి కదా, వాడెవడో కాస్త కనుక్కో. నేనేం గొడవ పెట్టుకోను. ఒక్కరోజు పొద్దున్నే తీసుకెళ్ళి ఆ బండ మీద కూర్చోబెడతాను, అంతే."

"కనుక్కుంటాను మావయ్యా," అన్నాను.

అన్నం తినమంటే ఆకలి లేదని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన పదకొండేళ్ళు బతికాడు. పండగకో పబ్బానికో కలిసినప్పుడల్లా కనుక్కున్నావా అని మొదట్లో అడిగేవాడు, తరవాత అడగడం మానేశాడు. నేను రాయలేదు గానీ నేనే టైపు చేశానని, రాసిచ్చే అవకాశం చేతికిచ్చినా వదులుకున్నానని చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. రిటైరయ్యాక ఆయనా అత్తా మా అమ్మావాళ్ళ పల్లెకే వచ్చేశారు, అక్కడ ఆయన మంచం పట్టినప్పుడు నాలుగు రోజులు పక్కనే ఉన్నాను. మంచి చలికాలం. కిటికీలోంచి కొండ ఉన్న దిక్కుకు చూస్తూ, మంచు పడుతోందా అని అడిగేవాడు. పడుతోందని చెప్పేదాన్ని. ఆయన పోయిన రెండేళ్ళకు అత్త కూడా పోయింది. చెప్పుకోవడానికి ఇక ఎవరూ మిగల్లేదు, అందుకే మీతో చెబుతున్నాను.

ఆ ఉద్యోగంతోనే తమ్ముళ్ళను చదివించాను, ఇల్లు కట్టుకున్నాను. ఆ ఇంటి పునాదుల్లో పోసిన కంకర ఎక్కడిదో నేను మేస్త్రీని అడగలేదు. నేను టైపు చేసిన రోజున ఆ వాక్యం అబద్ధం. ఇప్పుడు ఎవరు వెళ్ళి చూసినా, ఏ నెలలో చూసినా, అది అక్షరాలా నిజం.

ఈ మధ్య డిసెంబరులో కూడా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటోంది. పొద్దున పూట పిల్లలు ట్యూషన్లకు వెళ్తూ కనిపిస్తారు, బుద్ధిమంతులైన పిల్లలు, వాళ్ళను తప్పుపట్టడానికి ఏముంది. ఎవరి సొంత తోటలో అయినా నాలుగు చెట్లు కొట్టేస్తే కోర్టుకు వెళ్ళేవాళ్ళున్నారు, అందరిదీ అయిన చోటు పోతే ఏడవడానికి ఒక వాచరు తప్ప ఎవరూ లేకపోయారు. చలికాలమంటే మంచులోంచి జింక నడిచి రావడమని ఈ పిల్లలకు తెలియదు, తెలియదు కాబట్టి పోయిందన్న బాధా లేదు. ఆ బాధ మన వయసువాళ్ళ దగ్గరే కొంచెం మిగిలి ఉంది. మనమూ ఒక్కొక్కరమే వెళ్ళిపోతున్నాం. ఇంకొన్నాళ్ళకు ఇక్కడ ఏదో పోయిందని అనుకునేవాళ్ళు కూడా ఉండరు. కొండ పోయినందుకంటే నాకు దిగులు ఎక్కువగా దానికే.