నేనేగారి పిల్లి

"పిల్లి అటు వెళ్లేటప్పుడు పట్టీ ఎడమ కంటికి. ఇటు తిరిగొచ్చేసరికి కుడి కంటికి! ఎవరండీ గీసింది?"

"నేనే గీశాను."

"మొన్న కుందేలు తోక మాయమైనప్పుడూ ఇదే మాట!"

"అదీ నేనే."

తలుపు అవతల కొత్తగా చేరిన బొమ్మలావిడ పళ్లు నూరింది. ఆ పిల్లిని గీసింది తను. టైము చాలక, అటు నడిచే బొమ్మనే కంప్యూటర్లో అద్దంలోలా తిప్పేసి ఇటు నడిపించింది. పిల్లితోపాటు పట్టీ కూడా తిరిగింది.

లోపల కేకలేస్తున్నది టీవీ చానల్ పెద్దమనిషి. చీవాట్లు తింటున్నది డైరెక్టర్. ఆయనకున్నది ఒకటే జబ్బు: ఏ బొమ్మ గురించి అడిగినా "నేనే గీశాను" అనడం. అందుకే స్టూడియో మొత్తానికి ఆయన నేనేగారు.

డాన్సు చేసే టూత్‌బ్రష్ ప్రకటనతో మొదలుపెట్టి, బోలెడు బొమ్మల సీరియళ్లూ ఓ సినిమా కూడా తీసినా, ఆయన చెవి మీది పెన్సిల్ దిగలేదు, చెయ్యి మౌసు మీద పడలేదు. అయినా కంప్యూటర్లో పుట్టిన పిల్లీ ఎలుకా అన్నీ ఆయన సంతానమే! ఫ్యాను ఆగిపోయినా "నేనేగారే గీసుంటారు" అని నవ్వుకునేవాళ్లు. బొమ్మలావిడకు మాత్రం నవ్వొచ్చేది కాదు. కష్టం మనది, పేరు ఈయనదా?

"మీరు గీయలేదని నాకు తెలుసు. ఎవరో చెప్పండి. రేపట్నుంచి వాళ్లిక్కడ ఉండకూడదు."

బొమ్మలావిడ తలుపుకు చెవి ఆనించింది.

"చెప్పానుగా. నన్ను తీసేయండి."

"మిమ్మల్ని తీసేస్తే సీరియల్ ఎవరు తీస్తారు?"

"అది మీ తలనొప్పి. అయినా దాని రెండు కళ్లూ భేషుగ్గా ఉన్నాయి. పట్టీ దాని షోకు. బుద్ధి పుట్టిన కంటికి కట్టుకుంటుంది. మీరు రోజూ ఒకే టై కడతారా?"

పెద్దమనిషి తన టై వైపు చూసుకున్నాడు.

"సరే. రేపొస్తాను. ఎలా గీశారో నా కళ్లముందు చేసి చూపించండి, అప్పుడు నమ్ముతాను." గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "వానలో పిల్లి చెవులు ముడుచుకునే షాటు మాత్రం మా అమ్మాయి పెట్టిందే పెట్టి చూస్తోంది. అదీ మీరేనా?"

"ఛ! నాకంత పనితనం ఎక్కడేడిచింది? అది మా కొత్తావిడ."

పళ్లు నూరడం ఆగిపోయింది. ఆ గదిలోకి మెచ్చుకోలు వచ్చిందే అరుదు. అందుకే మెచ్చుకున్నప్పుడు ఆయన అనే ఈ రెండో మాట ఇన్నాళ్లూ ఎవరి చెవినా పడలేదు.

పెద్దమనిషి వెళ్లాక నేనేగారు బయటికొచ్చారు.

"సార్, ఆ పిల్లి నేను గీసింది," అంది బొమ్మలావిడ.

"తెలుసు. ఇప్పుడది నాది, అడిగినా ఇవ్వను." అటూ ఇటూ చూసి ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, రేపు ఆయన ముందు నేను గీసి చావాలి. ఆ తిప్పడమేదో కాస్త నేర్పు. ముందు ఆ మౌసుని ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."